పసుపు పట్టని చిల్లు

ఆర్మూరులో పసుపు దిగే కాలం వచ్చిందంటే ఎవరి దగ్గు ఎవరిదో తెలియదు. కల్లాల్లో కొమ్ములు ఎండుతుంటాయి, వాటిని మెరిపించే పాలిష్ డ్రమ్ములు గరగరా తిరుగుతుంటాయి, లేచిన దుమ్ము గోడలకూ జుట్టుకూ అన్నం మెతుకులకూ పట్టేస్తుంది. ముసలివాళ్లు దగ్గుతారు, పెళ్లిపీటల మీద పిల్ల దగ్గుతుంది, చర్చిలో పాస్టరు వాక్యం మధ్యలో ఆగి దగ్గుతాడు. ఎవరూ తిరిగి చూడరు. పసుపు దగ్గు అనేసి ఇంత వేడినీళ్లు తాగి పనిలో పడతారు. ఎస్తేరమ్మ కూడా పుట్టిబుద్ధెరిగిన నాటి నుంచీ అంతే. మనుమరాలు లిదియా దగ్గిన రోజున కూడా నోటితో ఆ మాటే అన్నది. అయితే ఆ రోజు ఆ మాట అబద్ధమేమోనన్న భయం ఆమెకు అప్పటికే పట్టుకుంది.

ఎస్తేరమ్మ పుట్టింది జక్రాన్‌పల్లిలో, కూలి చేసుకునే ఇంట్లో. చదువు మూడో తరగతి. అది కూడా మిషన్ బడిలో పెట్టే ఉప్మా కోసం చదివిన చదువని తానే నవ్వుతూ చెప్పేది. నోరు మాత్రం పెద్ద చదువే చదివింది. పసుపు కొని అమ్మే ఆడ్తి దుకాణాల వెనక వరసగా కూర్చుని పసుపు ఏరే ఆడవాళ్లలో ఆమె ఉన్న చోట సేట్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. పుచ్చు కొమ్మును ఎవరైనా మంచి కుప్పలో కలిపితే, కొమ్ముతో పాటు వాళ్ల ఏడు తరాలనూ ఏరి పక్కన పెట్టేది. భర్త లింగన్న హమాలీ. బస్తాలు మోసీ మోసీ నడుము పోగొట్టుకుని, చివరికి తానే ఒక ఖాళీ గోనెలా మడతపడి పోయాడు. ఒక్కగానొక్క కొడుకు యాకోబును ఎవరి కాళ్లూ పట్టుకోకుండా పెంచానని ఆమె చెప్పుకునేది. చెప్పుకోవడంలో ఆమె ఎవరికీ తగ్గింది లేదు.

చెప్పుకునేవాటన్నిటిలో పెద్దది కోట.

యాకోబు చిన్నగా ఉన్నప్పుడు ఎస్తేరమ్మ మిషన్ బంగళాలో ఆయాగా పనిచేసింది. అక్కడి దొరసాని పిల్లలకు ఒక పెద్ద అట్టపెట్టె నిండా ప్లాస్టిక్ ఇటుకలుండేవి. ఒకదాని నెత్తిన ఒకటి నొక్కితే టక్కున పట్టుకుంటాయి. వాటితో కోట లేస్తుంది. బూడిదరంగు గోడలు, మూలకో బురుజు, గొలుసుతో పైకి లాగితే మూసుకునే తలుపు వంతెన. లోపల చిటికెన వేలంత సిపాయిలు, వాళ్లకు గుర్రాలు, చేతుల్లో ఈటెలు, సింహం బొమ్మ వేసిన డాళ్లు. నెత్తిన ఇనుప టోపీలు. టోపీ నడినెత్తిన ఒక చిల్లు, ఆ చిల్లులో వడ్లగింజకు కొంచెం పెద్దదైన ఎర్ర ఈక. మన నిజామాబాద్ ఖిల్లాను చూసిన ఎస్తేరమ్మ మొదటి రోజే దొరసానిని అడిగింది, ఇంత కోట కట్టుకున్న రాజుకు ఒక్క ఏనుగన్నా లేదేమని. దొరసాని చాలాసేపు నవ్విందట.

ఆ పెట్టెలో ఒక పుస్తకం ఉండేది. అందులో అక్షరం ముక్క లేదు, అన్నీ బొమ్మలే. ఏ ఇటుక తరువాత ఏ ఇటుకో బొమ్మలు చూస్తే తెలుస్తుంది. ఎస్తేరమ్మ తన జన్మలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివిన పుస్తకం అదొక్కటే. పొద్దుగూకగానే నేలంతా పరుచుకున్న కోటను పెట్టెకెత్తడం ఆమె పని. ప్రతి సిపాయికీ టోపీ, ప్రతి టోపీకీ ఈక ఉందో లేదో చూశాకే మూత పెట్టాలని దొరసాని నియమం. తన దేశానికి తిరిగి వెళుతూ ఆ పెట్టెను దొరసాని యాకోబు చేతిలో పెట్టింది. పసుపు ఏరే ఆడవాళ్లందరూ ఆ కథను ఎన్నిసార్లు విన్నారో వాళ్లకే తెలియాలి.

యాకోబు ఆడినన్నాళ్లు ఆడాడు. మీసం మొలిచాక పెట్టె అటక ఎక్కింది. వాళ్ల ఇల్లు పాలిష్ డ్రమ్ములున్న షెడ్డు గోడకు ఆనుకునే ఉంటుంది. ఏటేటా పసుపు దుమ్ము పెంకుల సందుల్లోంచి దిగి ఆ పెట్టె మీద కూర్చుంది. పుస్తకాన్ని చెదలు తిన్నాయి, మూత చినిగింది, కోట మాత్రం చెక్కుచెదరలేదు.

యాకోబు ట్రాక్టరు డ్రైవరయ్యాడు, వినోదను చేసుకున్నాడు, లిదియా పుట్టింది. వినోద బీడీలు చుడుతుంది. మెత్తని మనిషి, అత్త పది మాటలంటే ఒక మాట అనేది, అది కూడా చాటలోని ఆకుతో అన్నట్టు తలవంచుకుని. చుట్టిన బీడీలు ఇచ్చి రావడానికి బీడీ కంపెనీకి వెళ్లిన పూట పిల్ల నాయనమ్మ దగ్గర ఉండేది. ఆ పొద్దున కూడా వినోద వెళుతూ వెళుతూ, పిల్ల కొత్తగా పాకడం మాని నడుస్తున్నదనీ, దొరికినవన్నీ నోట్లో పెడుతున్నదనీ, కాస్త చూడమనీ అన్నది. నీకంటే ముందు నేను పిల్లను కన్నానని గుర్తుచేసి ఎస్తేరమ్మ ఆమెను పంపింది.

పక్కింటి గంగామణి అప్పుడే వచ్చింది. ఆమె మనుమడికి దుబాయ్ నుంచి లైట్లు వెలిగే కారు వచ్చింది. కారు సంగతంతా చెప్పి, మూలనున్న పిల్లను చూసి నిట్టూర్చింది.

"మీ పిల్లకేమున్నది వదినె, ఆడుకుందామంటె బీడీ కట్టలే నాయె."

"నీ కారు బ్యాటరీ అయిపోతె ఆగుతది," అన్నది ఎస్తేరమ్మ. "మా ఇంట్ల దొరల కోట ఉన్నది. ఇరవై ఏండ్లాయె, ఒక్క రాయి కదల్లె."

అని ఊరుకుంటే ఎస్తేరమ్మ ఎందుకవుతుంది. స్టూలెక్కి అటక మీది పెట్టెను దింపింది. ముక్కముక్కా తడిగుడ్డతో తుడిస్తే బకెట్లో నీళ్లు పసుపునీళ్లయ్యాయి. పుస్తకం లేకపోయినా చేతులు మరువలేదు. అడుగు పలక, దాని మీద గోడ, గోడ చివర బురుజు, నడుమ వంతెన. సిపాయిలను గుర్రాలెక్కించి గోడ ముందర నిలబెట్టింది. పెళ్లి ఊరేగింపులా ఉంది చూడమన్నది. గంగామణి నడుం మీద చేయి వేసుకుని వంగి చూసి, మరీ ఇంత చిన్నగా ఉన్నదేమని ఒక మాట అనేసి వెళ్లిపోయింది.

ఆ మాట ఎస్తేరమ్మకు అన్నం కుండ దాకా వెంట వచ్చింది. గంజి వారుస్తూ గంగామణికి ఏం జవాబు చెప్పి ఉండవలసిందో కూర్చుకుంటూ ఉంది. పిల్ల ముందర గదిలో గుర్రాలతో ఏదో మాట్లాడుతున్నది. ఆ మాట ఆగిపోయింది. ఆగడం ఎస్తేరమ్మ చెవికి తెలిసింది గానీ బుద్ధికి వెంటనే అందలేదు. తరువాత దగ్గు వచ్చింది. ఒకటి కాదు, తెరలు తెరలుగా.

పరుగెత్తి వచ్చేసరికి పిల్ల ముఖం కందిపోయి ఉంది, కళ్లలో నీళ్లు నిండి, రెండు చేతులూ గాల్లో దేనికోసమో తడుముతున్నాయి. ఎస్తేరమ్మ పిల్లను ఒళ్లో బోర్లా వేసి వీపు మీద చరిచింది. నోట్లో వేలు పెట్టి నాలుక కిందా బుగ్గల్లోనూ వెతికింది. ఏమీ లేదు. కాసేపటికి దగ్గు తగ్గింది. పిల్ల ముక్కు చీది, ఏమీ జరగనట్టు గుర్రం కోసం చేయి చాపింది.

ఎస్తేరమ్మ గుర్రాన్ని ఇవ్వలేదు. కోటను రెండు చేతులా విరిచి, సిపాయిలతో సహా గోనెసంచిలోకి ఊడ్చి మంచం కిందికి తోసింది. ఏమీ జరగలేదనుకున్న మనిషి ఎందుకు దాచాలి? ఆ ప్రశ్న ఆమెకూ వచ్చింది. వచ్చిన దాన్ని కూడా సంచి వెనకే తోసింది.

వినోద వచ్చేసరికి పిల్ల ఊపిరిలో సన్నని కూత మొదలైంది. తూముకు ఆకు అడ్డం పడితే దాని కిందినుంచి నీళ్లు సందు చేసుకుని పోయే చప్పుడు లాంటిది. వినోద చేతిసంచి కింద పెట్టకుండానే పిల్ల ఛాతీకి చెవి ఆనించి అత్త వైపు చూసింది. పసుపు దగ్గన్నది ఎస్తేరమ్మ. వినోద చూపు మరలకపోయేసరికి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇల్లంతా పొగాకు చేసి పెడితే పసిపిల్లకు ఊపిరి ఎక్కడ ఆడుతుందన్నది. వినోద చాట వంక చూసుకుంది. ఆ చాటలోని పొగాకు దుమ్మే పిల్ల గొంతు పట్టుకున్నదని నమ్మింది. నమ్మినట్టు ఆమె ముఖంలో కనబడింది. ఎస్తేరమ్మ అది చూసింది, చూసి కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

బస్టాండు దగ్గరి పిల్లల డాక్టరు నెమ్మదస్తుడు. పిల్ల ఛాతీ మీద అటూ ఇటూ చాలాసేపు విన్నాడు. కుడివైపు గాలి తక్కువగా వినిపిస్తున్నదన్నాడు. తరువాత, ఆడుకుంటూ ఏమైనా నోట్లో పెట్టుకుందా అని అడిగాడు. వినోద తాను ఇంట్లో లేనని చెప్పి అత్త వైపు తిరిగింది.

ఎస్తేరమ్మ గొంతు దాకా వచ్చింది మాట. డాక్టరు బల్ల ముందు వరసలో నిలబడ్డ మనుషులంతా తననే చూస్తున్నట్టనిపించింది. "నా చేతిల పిల్ల మన్ను గూడ నోట్లె వెట్టది సారూ," అన్నది.

డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించాడు. నల్లటి రేకును వెలుగుకు పెట్టి, ఏమీ కనబడడం లేదన్నాడు. ఎస్తేరమ్మ ప్రాణం లేచి వచ్చింది. ఆ లేచిన ప్రాణం ఇంకా కుదురుగా కూర్చోకముందే ఆయన రేకును దించుతూ మరో మాట అన్నాడు.

"లోహమైతే కనబడుతుందమ్మా. ప్లాస్టిక్ అయితే ఇందులో తెలియదు. పిల్ల ఏమీ మింగలేదని మీరంటున్నారు కాబట్టి మందు వేసి చూద్దాం. పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఎగబీలుస్తున్నా క్షణం ఆగకండి."

ఇంటికి వచ్చాక వినోద మందు పోసి పిల్లను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతున్నది. కూత తగ్గలేదు. ఎస్తేరమ్మ ఎవరూ చూడకుండా గోనెసంచిని ఇంటి వెనక్కి ఈడ్చుకుపోయి, బండ మీద సిపాయిలను ఒక్కొక్కరినే నిలబెట్టింది. ఒకప్పుడు దొరసాని నియమం కోసం చేసిన పనే. 

రెండు టోపీలకు ఈకల్లేవు.

సంచిని తిరగేసి దులిపింది. ముందర గది నేలంతా చీపురుతో కాక చేత్తో ఊడ్చింది. చాప కింద, గడప సందులో, బకెట్లోని పసుపునీళ్లలో చూసింది. ఈక దొరకలేదు. మిగతా ఈకల వంక చూస్తే ఒక్కొక్కటీ పసిపిల్ల గొంతుకు కొలిచి చేసినట్టుంది.

ముప్కాల్ నుంచి పసుపు లోడు దించి వచ్చిన యాకోబు అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. డాక్టరు సంగతి వినోద చెప్పగా విని, మందు పడింది కదా తగ్గుతుందిలే అన్నాడు. ఎస్తేరమ్మ తలుపు చాటున నిలబడి, ఏదో యాదికి వచ్చినట్టు అడిగింది.

"అరే యాకోబూ, నీ గుర్రపోళ్ల టోపీలకు ఈకలుంటుండె గద. అన్ని ఉండెనారా?"

"యాడియవ్వా. చర్చి కాడ మురికి మోరీల పడ్డది గాదె ఒకటి. నువ్వు కొట్టలె నన్ను?"

"ఒకటా, రెండా?"

"ఒకటే అనుకుంట." యాకోబు ముద్ద నములుతూ ఆలోచించాడు. "ఏమో. రెండేమో."

ఆ 'రెండేమో'ను ఎస్తేరమ్మ నీళ్లలో పడ్డవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు పట్టుకుంది. రెండూ అప్పుడే పోయి ఉండాలి. కొట్టిన దెబ్బ తనకు గుర్తుంది, ఎన్ని ఈకలకు కొట్టిందో గుర్తులేదు. రెండు పోయాయి కాబట్టే అంతగా కొట్టి ఉంటుంది. ఇట్లా తనకు తాను నచ్చజెప్పుకుంటూ బండ దగ్గరికి వచ్చి, సిపాయిలను సంచిలో వేయబోయింది. వాకిట్లోంచి కూత వినిపించింది. చేయి ఆగింది.

ఒక టోపీని ఎత్తి వెలుగుకు పెట్టింది. పైనంతా తడిగుడ్డతో తుడిచిందే. నడినెత్తి చిల్లులోకి మాత్రం గుడ్డ పోలేదు. ఇన్నేళ్ల పసుపు అందులో దిగి, మైనం కూరినట్టు గట్టిపడి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. ఇది మోరీలో పడిన ఈక తాలూకు టోపీ. ఈక పోయిన చోటును అటక మీద ఏటేటి పసుపూ పూడ్చింది.

రెండో టోపీని ఎత్తడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. కొంగుతో పట్టుకుని ఎత్తింది. కళ్లకు దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా పెట్టి చూసింది. చిల్లు శుభ్రంగా ఉంది. చుట్టూ పసుపు గీత, లోపల మాత్రం నిన్ననే కొన్నట్టు మెరిసే బూడిదరంగు. పసుపు పట్టలేదు. పట్టడానికి సందు లేకుండా ఇన్నేళ్లూ అందులో ఈక ఉంది. పొద్దున తాను తుడిచి నిలబెట్టినప్పుడు కూడా ఉంది. చిల్లు పక్కన ప్లాస్టిక్ మీద రెండు చిన్న పళ్ల గాట్లున్నాయి.

 ఎస్తేరమ్మ గోడ పట్టుకుని లేచింది. తన నోటికి దడిసే ఆడ్తి సేట్లూ, గంగామణీ, బల్ల ముందు నిలబడ్డ మనుషులూ ఆ క్షణాన ఎవరూ యాదికి రాలేదు. వాకిట్లోకి వచ్చి టోపీని వినోద ముందు చాపింది.

"వినోదా, పిల్లను తీస్కో. నిజామాబాద్ పోవాలె. గీ చిల్లుల ఉండేటి ఈక పిల్ల ఊపిరిల ఉన్నది. కోట నేనే దించిన. డాక్టరుకు అబద్ధం జెప్పిన."

యాకోబు తింటున్న కంచాన్ని దాటి వచ్చాడు. వినోద అరవలేదు. టోపీని చూసింది, అత్తను చూసింది, పిల్లను కొంగుతో ఛాతీకి కట్టుకుంది. గేటు దగ్గర గంగామణి ఎదురై సంగతి విని, ఇంత అరటిపండు మింగిస్తే కిందికి దిగిపోతుందని పండు పట్టుకొచ్చింది. ఎస్తేరమ్మ ఆ పండును ఆమె చేతిలోంచి లాగి మోరీలో వేసింది. కిందికి దిగేది కడుపులో పడ్డదని, ఇది ఊపిరిలో పడ్డదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. జీవితంలో మొదటిసారి.

కిరాయికి మాట్లాడిన జీపు అడుగడుగునా ఆగుతూ పోయింది. ముందర పసుపు బస్తాల లారీలు, పక్కన ట్రాక్టర్లు. గతుకులో పడినప్పుడల్లా పిల్ల దగ్గేది, దగ్గిన ప్రతిసారీ ఎస్తేరమ్మ ముందుకు వంగి పెదవుల రంగు చూసేది. మాధవనగర్ గేటు పడి ఉంది. రైలు రాదు, గేటు లేవదు. కూత ఒక్కసారి ఆగింది.  యాకోబు పిల్ల అరికాలిని గిల్లాడు. పిల్ల ఎగబీల్చి మళ్లీ కూసింది. కొంచెంసేపటి కింద ఏ చప్పుడు వింటే గుండె జారిందో, ఇప్పుడు ఆ చప్పుడు కోసమే ఎస్తేరమ్మ చెవులు రిక్కించుకుని కూర్చుంది. పిల్లను కాసేపు ఎత్తుకుంటానని చేతులు చాపింది. వినోద ఇవ్వలేదు.

నిజామాబాదులో గొంతు డాక్టరు ఎక్కువ అడగలేదు. ఎస్తేరమ్మే టోపీని బల్ల మీద పెట్టి, పక్కన ఈక ఉన్న మరో టోపీని పెట్టి, ఇట్లాంటిదే అన్నది. ఆయన ఈకను పీకి వేళ్ల మధ్య తిప్పి చూశాడు. మత్తిచ్చి గొట్టం వేసి తీయాలన్నాడు. ఇంత చిన్నపిల్లకు అది తేలిక పని కాదనీ, ఊరుకుంటే అసలే ప్రమాదమనీ చెప్పాడు. యాకోబు సంతకం పెట్టాడు. తలుపు మూసుకుంది.

వరండాలో బల్ల ఉన్నా ఎస్తేరమ్మ నేల మీదే కూర్చుంది. కీర్తనలు ఆమెకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. దేవుణ్ని ఏమని అడగాలో తెలియలేదు. అబద్ధం చెప్పిన నోరే కదా. అందుకని కళ్లు మూసుకుని, మనసులో కోట కట్టడం మొదలుపెట్టింది. అడుగు పలక, దాని మీద గోడ, గోడ చివర బురుజు. వంతెన దగ్గరికి వచ్చేసరికి చేయి తప్పేది. ఏ ముక్క ఎక్కడ మరిచిందో తెలిసేది కాదు. అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టేది. కోట పూర్తయితే పిల్ల బతుకుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ అది పూర్తి కాకుండా తలుపు తెరుచుకుంటుందేమోనని ముక్కలు గబగబా పేర్చింది.

తెరుచుకుంది. వంతెనకు ఇంకా గొలుసు కూడా పడలేదు.

డాక్టరు చేతిలో స్టీలు గిన్నె ఉంది. అందులో దూది మీద, నెత్తుటి జీరతో ఎర్ర ఈక. వచ్చేసిందన్నాడు. పిల్ల గొంతు బొంగురుపోతుంది, భయపడవద్దు, రేపటిదాకా ఇక్కడే ఉంచి చూస్తామన్నాడు. యాకోబు గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చాడు. గిన్నెలోని ఈకను వినోద తీసుకుంది. కొంగు చివర ముడి వేసుకుంది. తరువాత వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చుంది.

"అత్తా, ఇంకేమన్న దాసినవా?"

గొంతులో కోపం లేదు. అందుకే ఎస్తేరమ్మకు ఎక్కువ భయమైంది. తలెత్తకుండానే చెప్పింది.

"ఇంకొకటున్నది. నీ పొగాకు మీద ఏసిన. గది గూడ అబద్ధమే."

వినోద తల ఆడించింది. సరే అన్నదో, తెలుసు అన్నదో ఎస్తేరమ్మకు అర్థం కాలేదు.

పిల్ల ఇంటికి వచ్చింది. బొంగురు పోయి, మాట తేటపడి, మళ్లీ ఇల్లంతా తిరుగుతున్నది. కోట పెట్టెను ఎస్తేరమ్మ తాడుతో కట్టి అటక మీద పెట్టింది, స్టూలును పక్కింటికి ఇచ్చేసింది. పసుపు కాలంలో వాడకట్టులో ఏ ఇంట్లో పసిపిల్ల దగ్గినా, ఏరుతున్న కొమ్మును చేతిలోనే పట్టుకుని లేచి నిలబడుతుంది. దగ్గు ఆగేదాకా కూర్చోదు. ఆడవాళ్లు నవ్వితే నవ్వనిస్తుంది.

ఆ ఈకను వినోద పెట్టెలో వేయడానికి ఇవ్వలేదు. బీడీల చాటలో, దారం ఉండ పక్కన ఒక చిన్న సీసాలో మూత బిగించి పెట్టుకుంది. ఆకు కత్తిరిస్తూ అప్పుడప్పుడూ దాని వైపు చూస్తుంది. ఎందుకు పెట్టుకున్నావని ఎస్తేరమ్మ ఇప్పటిదాకా అడగలేదు.